ఉత్తరంలో నా వయసు

జులై 14
అమ్మీకి ప్రమోషన్ వచ్చింది. ఆదిలాబాద్‌లో సర్జరీ హెడ్. కరీంనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఆపరేషన్లు చేస్తోంది. ఆర్డర్ కాగితం ఫ్రిజ్ మీద పెట్టింది. పాల కోసం పోయిన ప్రతిసారీ తీసి చదువుతోంది. చేరుతుందో, లేదో శుక్రవారం లోపు రాసివ్వాలట.
ఇంట్లో ఎవరూ స్వీట్ తేలేదు.

జులై 14, సాయంత్రం 6
అబ్బా కూడా సర్జనే. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయనకు ఆదిలాబాద్ ప్రమోషన్ వస్తే ఇంటినిండా చుట్టాలు, బిర్యానీ. వండింది అమ్మీనే. మూడేళ్లు అక్కడ ఉండి వచ్చారు. సాద్‌ను, అంటే నన్ను, ఎవరు చూస్తరు అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. అదే ఏడాది అమ్మీకి వరంగల్ ప్రమోషన్ వచ్చింది. వద్దని రాసిచ్చింది.

జులై 15
నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. నలుగురి ముందు నోరు పెగలదు.
దాదీ, అబ్బా వాళ్లమ్మ, మళ్లీ మొదలుపెట్టింది. ఊరోళ్ల పొట్టలు కోసుడేనాయె, ఒక్క పోరన్ని చదివించుకోలే, ఇప్పుడు ఆదిలాబాద్ పోయి ఎవల పొట్ట కోస్తదట అని. ఆ మాట అబ్బాను అనదు.
నేనేం ఆపుతలేను నాజ్నీన్, గని పోరనికి అన్నం ఎవరు వండుతరో జర చెప్పి పో అన్నారు అబ్బా. మీ చేతులకేమైంది డాక్టర్ సాబ్, పొద్దుగాల ముగ్గురి పేగులు కుట్టిండ్రు గదా అంది అమ్మీ. అబ్బా నవ్వారు. అమ్మీ నవ్వలేదు.

జులై 16
నాకైతే అమ్మీ పోవద్దనే ఉంది. డ్యూటీ నుంచి వచ్చి, నా తల మీద చెయ్యి వేసి పది నిమిషాలు టీవీ చూస్తుంది. ఆ పది నిమిషాల కోసం రోజంతా కూర్చుంటాను.

జులై 17, మధ్యాహ్నం 2
ప్రమోషన్ వద్దనే ఉత్తరం అబ్బా ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టారు. పాతదే, వరంగల్ అప్పటిది, తారీఖు మార్చిన, రేపు సంతకం పెట్టు అని అమ్మీకి ఫోన్‌లో చెప్పి పోయారు.
అంతా ఇంగ్లీష్. కూడబలుక్కుని నా పేరు పట్టుకున్నాను. సన్, సాద్. పక్కన 9 ఇయర్స్.
తారీఖు మార్చారు. నన్ను మార్చలేదు.
నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం సంతోషమైంది. తొమ్మిదేళ్ల పిల్లాడిని వదిలి ఎవరు పోతారు?
కానీ నాకు పదిహేడు.

2:40
ఎదురుగా చెప్పలేను. టైప్ చేశాను. చెరిపాను. మళ్లీ చేశాను. అమ్మీ నాకు పదిహేడు. అన్నం వండుకుంటా.
పంపాను. రెండు టిక్కులు. నీలం కాలేదు. ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నట్టుంది.

4:10
నీలం.

జులై 18
అమ్మీ 9 కొట్టేసి 17 రాసి, ఉత్తరం అబ్బా ముందు పెట్టింది. ఇప్పుడు చదువుండ్రి, ఏమన్న అర్థముందా అంది. ఆయన రెండుసార్లు చదివి, లేదన్నారు. అమ్మీ ఉత్తరం చింపింది.
తర్వాత నా దగ్గరికొచ్చి, నిజంగ పొమ్మంటున్నవా బేటా అని అడిగింది. తల ఊపాను. నోరు తెరిస్తే వద్దంటానని భయం.

జులై 27
అమ్మీ ఆదిలాబాద్ పోయింది. టీవీ పెట్టలేదు.

ఆగస్టు 3
అమ్మీ ఫోన్ చేసింది. ఇద్దరం ఏం మాట్లాడలేదు. అటు ఎవరో పెద్ద మేడం ఎక్కడున్నరు అని అడుగుతున్నారు. పదకొండు నిమిషాలు. పెట్టేస్తా అని ఎవరూ అనలేదు.