మూడో ఏటి ఆస్పరాగస్

ఆగస్టు 30, శనివారం

కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ మొదలయింది. మొదటి ఆట గెలిచాం. వెనక వరస ముసలాయన నిరుటిలాగే వేరుశెనక్కాయల సంచీతో దిగాడు. పేరు ఓడెల్, రిటైరయిన పళ్ళ డాక్టరు. ఆటయ్యేదాకా నా నెత్తిన పొట్టు రాలుస్తూ మా ఆయన్ని తిట్టడం ఆయన పని. నేను టర్లీ భార్యనని ఆయనకి తెలీదు. నోరీన్ అని మాత్రం చెప్పాను. కోచ్‌ల భార్యలకి ఏ ఊళ్ళోనైనా ఒకటే పద్ధతి: స్టేడియంలో నోరెత్తకూడదు, ఇంట్లో ఆట ఊసెత్తకూడదు. ఇరవై నాలుగేళ్ళుగా రెండూ పాటిస్తున్నాను.

మా ఆయన డ్వెయిన్ టర్లీ, ఫెయిర్‌లీ కాలేజీలో ఆఫెన్స్ కోచ్. బంతి మనవాళ్ళ చేతిలో ఉన్నంతసేపూ ఏ ఎత్తు వెయ్యాలో పైనున్న గాజుగదిలోంచి చెప్పేది అతనే. గెలిస్తే కుర్రాళ్ళ గొప్ప. ఓడితే టర్లీగాడి బుర్రతక్కువతనం.

సెప్టెంబర్ 1

ఆస్పరాగస్ మడిలో కలుపు తీశాను. నా నడుమెత్తు పెరిగి జుట్టు విరబోసుకుని నిలబడింది. దీని లేత మొలకలే కూర. నాటాక రెండేళ్ళు ఒక్క మొలకైనా కొయ్యకూడదు, వేరు బలపడాలి. మూడో ఏడు ఏప్రిల్‌లో కోసుకోవచ్చు. అంటే వచ్చే ఏప్రిల్.

ఇది మా ఏడో ఊరు. ఇంతకుముందు రెండు ఊళ్ళలో నాటాను. ఒకచోట హెడ్ కోచ్‌ని పీకేశారు, ఆయనతోపాటు మేమూ మూటాముల్లే సర్దుకున్నాం. రెండోచోట డ్వెయిన్‌కి ఇంతకన్నా మంచి ఉద్యోగం వచ్చింది. ఆ మళ్ళలో కాసింది ఎవరు తిన్నారో! అందుకే ఇక్కడికి వచ్చేముందు ఒట్టు వేయించుకున్నాను, మొదటి కోత నా చేత్తో కోసేదాకా కదిలేది లేదని. కోచ్ వేసిన ఒట్టు, ఎంత గట్టిదో చూడాలి.

సెప్టెంబర్ 20

ఓడాం.

అక్టోబర్ 11

మళ్ళీ ఓడాం. అదీ చేతికి అందిన ఆట. ఓడెల్ లేచి నిలబడి, ఒరే టర్లీగా, నీ మొహం మండా, మళ్ళీ నడిమికేనట్రా, ఆ నడిమి సందులో మీ తాత నిధి ఏమైనా పాతిపెట్టాడా అని అరిచాడు. చుట్టుపక్కలవాళ్ళు పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అది నిజం. ఆయన చెప్పిందీ నిజమే. పాయింట్లలో కాస్త ముందుండి, ఇంకో గజమో రెండు గజాలో కావాల్సి వస్తే చాలు, డ్వెయిన్ బంతిని ఒక బండవాడి చేతికిచ్చి సరిగ్గా మధ్యలోంచి తోసుకుపొమ్మంటాడు. మొదటి ఉద్యోగంలో ఒక పెద్ద ఆట దానితోనే గెలిచాడు.

ఓడెల్ బైనాక్యులర్స్ అడిగి తీసుకున్నాను. గాజుగదిలో డ్వెయిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. భయం వేస్తే అలా పెట్టుకుంటాడు. పెళ్ళినాడు చర్చిలో కూడా మోకాలి మీద వెతుక్కున్నాడు, టోపీ లేకపోయినా.

అక్టోబర్ 25

ఓడెల్‌తో పందెం, ఒక్కో ఎత్తుకి గుప్పెడు వేరుశెనక్కాయలు. టోపీ తీసినప్పుడల్లా నడిమికే అన్నాను. ప్రతిసారీ అంతే అయింది. ఓడెల్ నోరు వెళ్ళబెట్టి, అమ్మాయ్, ఆ దద్దమ్మని దింపేసి నిన్ను కూర్చోబెట్టాలే ఆ గదిలో అన్నాడు. ఒళ్ళో కాయలు నిండాయి గాని ఒక్కటీ ఒలవబుద్ధి కాలేదు. నాకు తెలిసింది అవతలివాళ్ళకి తెలీదా? వాళ్ళకి దీనికోసం జీతాలిస్తారు.

నవంబర్ 17

పొద్దున్న లేచేసరికి మా ఇంటిముందు పచ్చికలో 'ఇల్లు అమ్మబడును' బోర్డు. ఊరు వదిలి పొమ్మని అభిమానుల ముచ్చట. ఇలాంటిది మాకు నాలుగోది. ఈసారి కర్ర మంచిది, మడికి అంచుగా పాతాను.

శనివారం లంబర్టన్‌తో ఆట. ఓడితే హెడ్ కోచ్‌ని ఇంటికి పంపుతారట. ఆయన వెళితే అందరం వెళతాం. హెడ్ కోచ్ భార్య కిరాణా షాపులో కనబడి, ఖాళీ అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతాయి నోరీన్ అని నవ్వుతూనే అడిగింది. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

నవంబర్ 19

పద్ధతి తప్పాను. భోజనం దగ్గర చెప్పేశాను. భయమేస్తే నువ్వు నడిమికే పోతావు, నా అంచనా ఎప్పుడూ తప్పలేదు, నా వెనక కూర్చునే పళ్ళ డాక్టర్ కూడా ఇప్పుడు తప్పడం లేదు, ఇంక లంబర్టన్ వాళ్ళు తప్పుతారా అన్నాను.

డ్వెయిన్ ఫోర్కు కింద పెట్టాడు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క ముక్క మాట్లాడని దానివి, నువ్వు కూడా మొదలుపెట్టావా అన్నాడు. ఊరంతా తిడుతోంది చాలదా అన్నాడు. నేను తిట్టలేదు, ఏప్రిల్‌లో ఇక్కడ ఉండాలని ఉంది, అంతే అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. మాంసం చల్లారిపోయింది.

నవంబర్ 20

డ్వెయిన్ గరాజ్‌లో పచ్చిక కోసే యంత్రం విప్పి మళ్ళీ బిగించాడు. వాళ్ళ నాన్న పోయినరోజు కూడా ఇదే చేశాడు.

నవంబర్ 22

చివరి నాలుగు నిమిషాలు. మూడు పాయింట్లు ముందున్నాం. అదే ఆఖరి ప్రయత్నం. రెండు గజాలు వెళ్ళగలిగితే బంతి మనదే. లేకపోతే లంబర్టన్‌కి ఇచ్చేయాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బైనాక్యులర్స్‌లో చూశాను. టోపీ తీశాడు.

నడిమికే అన్నాను ఓడెల్‌తో. లంబర్టన్ వాళ్ళంతా మధ్యకొచ్చి గోడ కట్టేశారు. బండవాడు ఉరికాడు, పదిమంది వాడిమీద పడ్డారు. వాడి చేతిలో బంతి లేదు. ఎడమవైపు మూలకి మావాడొకడు ఒంటరిగా, ఎవరో పిలిచినట్టు పరిగెడుతున్నాడు. బంతి మెల్లిగా వెళ్ళి వాడి చేతుల్లో పడింది. గీత దాటేశాడు, టచ్‌డౌన్. ఇంక ఆట మనదే.

లేచి డ్వెయిన్ అని అరిచాను. భయపడ్డాడు, భయపడుతూనే వేశాడు ఆ ఎత్తు. నాకు ఏడుపొచ్చింది.

ఓడెల్ నా వంక చూశాడు. టర్లీ పేరు డ్వెయిన్ కదూ అన్నాడు. అవును, మా ఆయనే అన్నాను. రెండేళ్ళూ ఇక్కడే కూర్చున్నావా అన్నాడు. రెండేళ్ళూ అన్నాను. నువ్వు దుర్మార్గురాలివమ్మాయ్ అని, సంచీ మొత్తం నా ఒళ్ళో పెట్టేసి కూలబడ్డాడు.

నవంబర్ 24

హెడ్ కోచ్ ఉంటున్నాడు. మేమూ ఉంటున్నాం. మడి మీద గడ్డి కప్పాను, చలికి వేరు పాడవకుండా.

డిసెంబర్ 3

జార్జియాలో ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి డ్వెయిన్‌కి ఫోన్. ఆ ఒక్క ఎత్తూ టీవీలో చూశారట. అంత ధైర్యమున్న మనిషి మాకు కావాలి అన్నారట.

డిసెంబర్ 5

ఒట్టు గుర్తు చేశాను. మర్చిపోలేదన్నాడు. నాకు యాభై మూడు, ఇంక నన్ను ఎవరూ పిలవరు నోరీన్, నువ్వు వద్దంటే ఇప్పుడే ఫోన్ చేసి వద్దనేస్తా అన్నాడు. చెప్పేటప్పుడు టోపీ మోకాలి మీదుంది.

కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఈ ఊళ్ళో ఉండాలని నోరు విప్పాను, ఆ నోరే నన్ను ఊరు దాటించింది. ఎవరిని తిట్టుకోను? వద్దని చెప్పు అని నా లోపల ఒకర్తి మొత్తుకుంటూనే ఉంది. వెళ్దాం అన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అక్కడా మట్టి ఉంటుందిలే అన్నాడు. దానికి మాత్రం కొట్టాలనిపించింది.

డిసెంబర్ 19

ఓడెల్‌ని పిలిచి మడి చూపించాను. ఇల్లు కొన్నవాళ్ళకి మొక్కల మీద ఆసక్తి లేదు, ఏప్రిల్‌లో వచ్చి కోసుకోండి, వాళ్ళతో చెప్పాను అన్నాను. నాకు కూరలు పడవే తల్లీ అని గొణిగాడు. తర్వాత, మొలక ఎంత పొడుగొస్తే కొయ్యాలి అని రెండుసార్లు అడిగాడు.

ఏప్రిల్ 16

పార్సిల్. తడి న్యూస్‌పేపర్లో చుట్టిన ఆస్పరాగస్, చుట్టూ వేరుశెనక్కాయలు కూరి. దారిలో కాస్త వాడాయి. వెన్నలో వేయించాను. డ్వెయిన్ రెండోసారి కూడా వడ్డించుకుని, చాలా బాగున్నాయి, ఏ షాపులో కొన్నావు అన్నాడు.

ఊరవతల షాపు అన్నాను.

ఏప్రిల్ 18

ఇక్కడి మట్టి ఎర్రగా ఉంది. డ్వెయిన్ కాంట్రాక్టు మూడేళ్ళు. ముల్లంగి వేశాను, నెలలో వస్తుంది.