చింతపండుతో తోమిన ఫ్యాన్లు

శనివారం, రాత్రి

ఆయుధపూజ అని చెప్పి మా కోడలు, మా అంగడికి రిపేరుకొచ్చిన పడవ ఫ్యాన్లన్నీ, అదే నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఇత్తడి రెక్కలన్నీ, పూజసామాన్లలా చింతపండు, ఇటుకపొడి వేసి తోమింది. మెరుపు చూసి నేనే మెచ్చుకున్నాను. ఎవరిది ఏదో తెలియడానికి పెట్టిన పెయింటు గుర్తులు కూడా పోయాయని ఎవరూ చూసుకోలేదు. మా అబ్బాయి అందాజుగా ఇచ్చి పంపాడు. సరస్సులో పడవలు నడుపుకునే ఇద్దరిలో ఏసుదాసుది మునెయ్యకు పోయింది, మునెయ్యది ఏసుదాసుకు.

పొద్దున ఏసుదాసు అంగడి ముందుకొచ్చి గొడవపడ్డాడు. "పడవ కదల్లేకుండా ఉండాది. గుర్తులు చెరిపింది ఎవురప్పా? ఇంగ ఈ అంగడికి ఎవుడూ రాకుండా చేస్తా."

తలుపు వెనక కోడలు ఏడుస్తోంది. అబ్బాయి ఆమె పేరు చెప్పబోయాడు. నేను అడ్డంపడి, "నేనే తోమినానబ్బా" అన్నాను.

ఏసుదాసు నా నోటివైపు చూశాడు. "నువ్వా తాతా? నీ పండ్లే తోముకోవు గదా."

అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. రేపు సాయంత్రంలోగా తన ఫ్యాను ఇమ్మని చెప్పి పోయాడు.

ఆ ఫ్యాను వెనక్కిమ్మని మునెయ్యకు ఫోన్ చేశాను. "నేనియ్యను తాతా. నా పాత ఇంజను రోజూ సరస్సు నడుమ ఆగిపోతా ఉన్నింది. ఈ ఫ్యాను పెట్టినాక ఒక్కసారీ ఆగలా. ఇంట్లోవాళ్లు ఇప్పుడు నిమ్మళంగా నిద్రపోతాండారు" అన్నాడు.

కోడలు అన్నం ముట్టలేదు. "పండ్లు తోముకుంటా, ఆ ఇటుకపొడి ఇట్లా తేమ్మా" అని నేనన్నాక నవ్వి, కంచం ముందుకు లాక్కుంది.

మునెయ్యను మాత్రం మళ్లీ ఏ నోటితో అడిగేది...