శివరాత్రి దాటాక వస్తాను

కోరుట్ల
22-2-1967

శ్రీవారి పాదాలకు నమస్కరించి అనసూర్య రాసుకునే ఉత్తరం.

ఇక్కడ అత్తా, మామా, నేనూ ఏ లోటూ లేకుండా ఉన్నాము. అక్కడ భివండిలో మరమగ్గాల మధ్య మీరూ, మీ గదిలోని వాళ్ళూ ఒంట్లో బాగానే ఉన్నారని తలుస్తాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబు రాస్తాను. అత్తకు దగ్గు తగ్గింది. మిరియాల కషాయం ఇస్తే నన్ను తిడుతుంది గానీ తాగుతుంది. వానకు పడిన వెనక గోడకు మట్టి పెట్టించాము. మామ మగ్గం మీద తువ్వాళ్ళు నేస్తున్నారు. నా ప్రయాణం గురించి మామ ఏమన్నారని రెండుసార్లు అడిగారు. అది చివర రాస్తాను. ఇప్పుడే అక్కడికి పోతే నా చెయ్యి ఆగిపోతుంది.

బ్లాకు ఆఫీసులో కోళ్ళ పెంపకం నేర్పడానికి వచ్చిన అమెరికా అమ్మాయి నాన్సీ గురించి ఇదివరకు రాశాను కదా. ఆమె సాయంత్రాలు మహిళా మండలి ఆడవాళ్ళకు బేస్‌బాల్ అనే ఆట నేర్పుతోంది. ఒకరు బంతి విసరాలి, ఇంకొకరు కట్టెతో కొట్టాలి. కొట్టినవాళ్ళు కట్టె పడేసి, మూలమూలకు పరిచిన గోనె సంచులు తొక్కుకుంటూ చుట్టూ ఉరికి, అవతలివాళ్ళు బంతి తెచ్చేలోపు కొట్టిన చోటికే తిరిగి రావాలి. రాస్తే ఇంతే. ఉరికితే మాత్రం ఇంతే కాదు.

మొదట నేను దూరంగా కూర్చొని చూసేదాన్ని. ఒకరోజు బంతి మీది తోలు కుట్టు ఊడింది. లోపల చూస్తే నూలు! మనం కండెలు చుట్టినట్టే ఒత్తుగా చుట్టిన నూలు. అంత దూరం నుంచి వచ్చిన వస్తువులో మన ఇంటి పని కనిపించేసరికి నాకు సిగ్గు సగం పోయింది. మగ్గం కింద పడిన తెగిన నూలు ఏరి, రెండు రోజులు కూర్చొని కొత్త బంతి చుట్టాను. చెప్పులు కుట్టే రాజం దానికి తోలు కుట్టి ఇచ్చాడు. నాన్సీ దాన్ని ఎగరేసి పట్టుకొని, "నువ్వు చుట్టినవ్, నువ్వే ఇసురు" అన్నది. విసిరాను. నా చేతిలో అంత జోరు ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

ఇప్పుడు నేను గోచి పెట్టి చీర కట్టుకొని రోజూ పోతున్నాను. పక్కింటి చంద్రవ్వ వదినె ఊరుకుంటుందా? "ఏందే అనసూర్యా, మొగడు భివండిల ఉంటే రోకలి పట్టుకొని ఎవల్ని కొట్టవోతున్నవే?" అన్నది.

"జర ముంగటికి రా వదినె, చెప్త" అన్నాను. మీతోనే నాలుగు మాటలు ఆడలేని నేను!

కుదురు లేకుండా పోయింది. రాట్నం ముందు కూర్చుంటే కాళ్ళు లేచి పోదామంటాయి. మొన్న పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. ఈ ఉత్తరం కూడా మూడుసార్లు లేచి వచ్చి రాస్తున్నాను.

పదిహేను రోజుల కింద ఒక ఆదివారం బంతిని గట్టిగా కొట్టాను. చెరుకు తోట దాకా పోయింది. ఒక సంచి తొక్కాను, రెండోది తొక్కాను. మూడో సంచి పక్కన మామ! నూలు మూట నెత్తిన పెట్టుకొని అడ్డదారిన ఇంటికి వస్తున్నారు. నేను టక్కున ఆగి, కొంగు తల మీదికి లాక్కొని, పక్కకు జరిగి తల వంచుకొని నిలబడ్డాను. మామ ముందు నుంచి కోడలు ఎట్లా ఉరుకుతుంది? నాన్సీ "ఉరుకు, ఉరుకు!" అని అరుస్తూనే ఉంది. ఇంతలో బంతి వచ్చింది. నేను ఔట్ అన్నారు.

ఆ రోజు అన్నం ముందు కూర్చొని మామ అడిగారు: "ఎందుకు ఆగినవ్ బిడ్డా?"

"మీరున్నరు గద మామా."

"ఆగక మీదికెల్లి ఉరుకుతదా? కోడలన్నంక సిగ్గుండద్దా?" అన్నది అత్త.

"సిగ్గు సరే. గంత మంచి దెబ్బ పాడైపోయె గదనే!" అన్నారు మామ.

మరునాటి నుంచి ఆయన వచ్చి గట్టు మీద కూర్చునేవారు. మావైపు వీపు పెట్టి! నేను ఉరకడం ఆయన చూడనట్టే లెక్క. దెబ్బ చప్పుడైతే మాత్రం పక్కనున్న నాగయ్య తాతను "ఎటు పోయింది? ఎంత దూరం పోయింది?" అని అడిగేవారు.

నా కోసం అట్లా తిరిగిన ఆ వీపును చూసినకొద్దీ నాకు మనసు నిలవలేదు. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

నెల కింద మీ ఉత్తరంలో, "వేరే గది దొరికింది, శివరాత్రి లోపల అనసూర్యను తీసుకొచ్చి దింపు బాపు" అని రాశారు. మీ ఉత్తరాలు ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే. ఆ వరుస నేను చదవలేదు. దాటేసి కింది వరుస చదివాను. తరువాతి ఉత్తరంలోనూ అంతే చేశాను. "నీ ముచ్చట ఏం రాయలేదానే?" అని అత్త అడిగితే, "లేదత్తా" అన్నాను.

మీ దగ్గరికి రావాలని లేక కాదు. మార్చి పన్నెండున, శివరాత్రి దాటిన ఆదివారం, ధర్మపురిలో ఖానాపూర్ ఆడవాళ్ళతో మాకు ఆట ఉంది. మా వైపు బంతి విసిరేది నేనే.

నిన్న ఆ రెండు ఉత్తరాలూ తీసి మామకు మళ్ళీ మొత్తం చదివాను. అత్త నెత్తి కొట్టుకుంది. "నా కొడుకు ఒక్కడు రొట్టెలు కాల్చుకుంటుండు, దీనికి బంతులాటనా!" అన్నది. మామ ఆ ఉత్తరాలు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశారు. తరువాత, "చదువు రానోన్ని. నీ కండ్లతోనే చూస్తుంటి. నన్ను గుడ్డోన్ని చేసినవ్ బిడ్డా" అన్నారు. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"ఏం చెయ్యాలె మామా?" అని అడిగాను.

"నేను చెప్ప. వానికి నువ్వే రాయి. ఉన్నదున్నట్టు రాయి" అన్నారు.

ఈరోజు ఆయన గట్టు మీదికి రాలేదు. నేను విసిరిన బంతి ఒక్కటీ సరిగా పడలేదు.

మీరు శివరాత్రికే రమ్మంటే వస్తాను. ఏడ్చుకుంటూ వస్తాను, అబద్ధం ఎందుకు? మీ ఇష్టం అని రాసి ఊరుకోవాలి. అట్లా రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ ఒక్క ఆదివారం దాకా నన్ను ఆగనివ్వండి. సోమవారమే నిజామాబాద్ పోయి బండి ఎక్కుతాను.

మీరేమనుకున్నదీ వెంటనే రాయండి. మీ జవాబు మామ ముందు కూర్చొని చదువుతాను. నన్ను తిట్టి రాసినా, ఆ తిట్లు కూడా వదలకుండా పైకి చదువుతాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
అనసూర్య