తగలడం వేరు, దెబ్బ వేరు

పుణె,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. ఈసారి నిజంగానే. అమ్మ మోకాళ్ళ నొప్పి, నాన్న దగ్గు, వదిన, పిల్లలు, అందరి సంగతీ వివరంగా రాయి. నాయనమ్మ వేళకి తింటోందా? "అంతా బాగున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేయకు.

పోయిన ఉత్తరంలో నేను ఏడ్చిన ఏడుపు చదివి, పత్తికి ఈ విడత మందు కొట్టడం అవగానే వచ్చి నన్ను సత్తెనపల్లి తీసుకెళ్ళిపోతానని రాశావు. అది చదివాక ప్రాణం లేచొచ్చింది. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నానని ఆఫీసులోనూ, మీరాకీ చెప్పేశాను కూడా. మీరా అంటే ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, ఈ ఊరిదే. వానలో తడుస్తూ ఆఫీసుకి పోవడం, హాస్టల్లో బెల్లం వేసిన పప్పు మింగడం, రోజంతా చెవిన ఒక్క తెలుగు ముక్క పడకపోవడం, ఇక నా వల్ల కాదనుకున్నాను.

"మానేస్తే మానేద్దువుగాని, అందాకా ఆదివారాలు మా ఆటకి రా" అని మీరా లాక్కెళ్ళింది. ఆట జోసెఫ్ వాళ్ళింట్లో. అతనూ మా ఆఫీసే, కేరళ వాళ్ళు. వాళ్ళమ్మగారు కూడా ఇంట్లోనే ఉంటారు, నువ్వు కళ్ళు పెద్దవి చెయ్యకు.

జోసెఫ్, మీరా, నేను, ఆఫీసులోనే ఇంకో అమ్మాయి, బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. జోసెఫ్ అడవులూ కోటలూ రాక్షసులూ ఉన్న కథ చెబుతాడు. మిగతా ముగ్గురం ఆ కథలో మనుషులం. నేను కత్తి పట్టిన వీరనారిని. నవ్వింది చాలు. ఏం చేస్తామో నోటితో చెప్పి పాచిక వెయ్యాలి. ఒక పాచికకి ఇరవై ముఖాలు, ఇంకోదానికి ఎనిమిది.

మొదటి ఆదివారం ఒక తోడేలు మీద కత్తి దూశాను. ఇరవై ముఖాల పాచిక వేస్తే పద్దెనిమిది పడింది. మనింట్లో గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్ళు కదా, అలాగే పద్దెనిమిది దెబ్బలు పడ్డాయని, తోడేలు చచ్చిందని లేచి నిలబడ్డాను. జోసెఫ్ నవ్వాడు. "కత్తి తగిలింది, అంతే. ఎంత దెబ్బో చూడాలంటే ఇప్పుడు ఎనిమిది ముఖాలది వెయ్యి" అన్నాడు. వేస్తే ఒకటి పడింది! ఆటలో నా వీరనారికి రాసిపెట్టిన చేతి బలం రెండు కలిపి మొత్తం మూడు. తోడేలుకి పన్నెండు ప్రాణాలు, దెబ్బ ఎంత పడితే అన్నే పోతాయి. అది ఒళ్ళు దులుపుకుని మీదికొచ్చింది. నాకు మండుకొచ్చి, "తొండి! ఇదంతా తొండాట!" అని తెలుగులోనే అరిచాను. తొండి అంటే ఏమిటని అడిగారు. మోసం చేసి ఆడటమని చెప్పాను. ఇక అప్పటి నుంచి ఎవరికి పాచిక అడ్డం తిరిగినా "తొండి, తొండి" అని ఒకటే గోల. మన మాట వాళ్ళ నోట అలా వంకరగా వినబడుతుంటే ఎంత బాగుందో.

లెక్క మాత్రం నాకు ఎక్కలేదు. మర్నాడు బస్సులో కూర్చుని ఆలోచిస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. నువ్వు చేలో మందు కొట్టి రాగానే అడుగుతాడు చూడు: "ఏరా, పురుక్కి మందు తగిలిందా?" "తగిలింది నాన్నా." "తగిల్తే సరిపోద్దా? చచ్చిందా అంట!" ఇదీ అంతే. ఆకు మీదున్న పురుగుకి మందు తగలడం తేలిక, కాయలో దూరినదానికి కష్టం. ఆ కాయే కవచం. కవచానికి ఒక అంకె ఉంటుంది. పెద్ద పాచిక మీద పడినదానికి నా నేర్పు నాలుగు కలిపి ఆ అంకెను అందుకుంటే తగిలినట్టు. తగిలాక చస్తుందా, కాసేపు సోలిపోయి మళ్ళీ పాకుతుందా అన్నది చిన్న పాచిక తేలుస్తుంది. ఇది అర్థమయ్యాక లెక్కలన్నీ నేనే చూస్తున్నాను. ఇంట్లో మీ తొండి పట్టుకున్నదాన్ని, ఇదెంత!

ఇవాళ్టి సంగతి విను. పెద్ద రాక్షసుడు, వాడికి ముప్పై ప్రాణాలు. అంతా కలిసి ఇరవై ఒకటి తీశాం. మీరా ఆడే మనిషి దెబ్బ తిని వాడి కాళ్ళ దగ్గరే పడి ఉంది. ఇప్పుడు వాడు చావకపోతే తర్వాతి దెబ్బ ఆమె మీదే. నా వంతు వచ్చింది. పదమూడు పడింది, నాలుగు కలిపితే పదిహేడు. కవచం పదహారు, కాబట్టి తగిలింది. చిన్న పాచిక ఐదు, బలం రెండు, మొత్తం ఏడు. జోసెఫ్ మీరా వైపు చూసి, "రాక్షసుడు కూలిపోయాడు" అన్నాడు. అందరూ చప్పట్లు.

"తొండి" అన్నాను. "ఇరవై ఒకటీ ఏడూ ఇరవై ఎనిమిది. వాడికి ఇంకా రెండున్నాయి."

మీరా బల్ల కింద నా కాలు తొక్కింది. జోసెఫ్ తల దించుకుని, "నీకిది చివరి ఆట అని మీరా చెప్పింది. గెలిపించి పంపుదామనుకున్నాం" అన్నాడు.

అన్నయ్యా, కలిసి ఆడింది మూడు ఆదివారాలు, వీళ్ళకి నేనేమవుతానని? అంత ప్రేమ మీద కూడా కోపమొచ్చింది చూడు నాకు. "చివరిదని ఎవరన్నారు? రెండు ప్రాణాలూ అలాగే ఉంచండి. వచ్చే ఆదివారం వచ్చి నేనే తీస్తాను" అనేశాను. అన్నాక గాని ఏమన్నానో నాకే తెలియలేదు. మీరా మాత్రం తన మనిషి సంగతి మర్చిపోయి నన్ను పట్టుకుని గెంతింది.

రేపు ఆఫీసులో మానడం లేదని చెబుతాను. ఇంటి మీద బెంగ పోయిందనుకోకు, రాత్రి అమ్మ కలలోకొచ్చింది. నువ్వు రావడం మాత్రం మానకు. పండుమిరపకాయ పచ్చడి, కందిపొడి తీసుకురా. చిన్న సీసాలు చాలవు, ఇక్కడ తినేవాళ్ళం నలుగురం. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు, వదినని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. నాయనమ్మను నా పేరు చెప్పి దీవించమను.

వచ్చేటప్పుడు తిరుగు టిక్కెట్టు నీ ఒక్కడికే తీయించుకో.

ఇట్లు
నీ మొండి చెల్లెలు
పద్మ