మెట్ల మీద వేడి నీళ్ళు

జూన్ 24, 2000. శనివారం. జిండబైన్.

బండి ముందు అద్దంలో పార దిగబడి ఉంది. నా పారే. వెనక తొట్టిలోంచి తీసి, నా బండి అద్దానికే గుచ్చి పోయాడు. పిడి కొంచెం ఊగుతోంది... గాలికి కాబోలు.

రమణ గాజుపెంకులు ఏరుతూ, "ఇది కెవ్ పనే మామా" అన్నాడు. ఈ దేశంలో అందరికీ నేను మస్తాన్ అంకుల్‌ని. మామా అనేది వీడొక్కడే. కావలి ఊరి నుంచి వచ్చాడు కదా, మా నెల్లూరు వైపే.

కెవ్ పనే అని చెప్పడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ కొండ మీద లాడ్జిల ముందు మంచు ఎత్తేది కెవ్, వాడి తమ్ముడు డారెన్. ఈ చలికాలం మూడు లాడ్జిల మంచు పని మాకిచ్చారు.

జూన్ 25

అద్దానికి ప్లాస్టిక్ పట్టా కట్టాం. చలి అందులోంచి కూడా కొరుకుతోంది.

ఈ ముసలాడికి మంచు ఎందుకు అని నన్ను నేనే అడుగుతున్నాను. గడ్డి చలికాలం పెరగదు, అందుకు. మా ఊరు క్వీన్‌బియన్‌లో మే నుంచి ఆగస్టు దాకా నా గడ్డి మిషన్ షెడ్డులో పడుకుంటుంది, నేను దాని పక్కన కూర్చుంటాను. పంతొమ్మిది చలికాలాలు అలా కూర్చున్నాక బుద్ధి వచ్చింది. తోటమాలికి పార ఉంది, బండి ఉంది, తెల్లారకముందే లేచే రోగం ఉంది. మంచు తీయడానికి ఇంకేం కావాలి?

రమణ కథ వేరు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ చస్తాయని వీణ్ణి పిలిపించారు. రెండేళ్ళు కూర్చుని తేదీలు దిద్దాడు. ఏదీ చావలేదు. జనవరిలోనే పంపేశారు. పని బాగా చేసినందుకు పని పోయినవాణ్ణి వీణ్ణొక్కణ్ణే చూశాను. జూలై పదిహేడున సిడ్నీలో ఇంటర్వ్యూ ఉందట. ఆ ఉద్యోగం వచ్చేస్తే వీసాకి భయం లేదు. అప్పటిదాకా నాతో పార.

జూన్ 28

లాడ్జి ముందు కెవ్ ఎదురయ్యాడు. రమణ కాలరు పట్టుకుని గోడకు ఆనించాడు. తల గోడకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. నన్ను చూసి, "గో హోమ్ అండ్ మో యువర్ లాన్స్, గ్రాండ్‌పా" అన్నాడు. ఉమ్మేశాడు. ఉమ్మి మంచులో చిన్న గుంట చేసుకుని దిగిపోయింది.

నా కుడిచేయి దానంతటదే పిడికిలి అయ్యింది. దానికి పాత అలవాటు. రాయాలి ఆ సంగతి ఒకరోజు.

జూన్ 30

మంచు కరగడానికి మెట్ల మీద చల్లే ఉప్పు మూటలు ఆరూ కత్తితో కోసి బురదలో తొక్కి పోయారు. కోతలు మటుకు తీరుగా ఉన్నాయి. మంచి కత్తి.

జూలై 3. సోమవారం

ఎలా రాయను... వరసగా రాస్తాను.

ఉప్పు లేదు. కొత్త మూటలు కూమా ఊరి నుంచి రావాలి. లాడ్జి మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది, పార దిగట్లేదు. వంటింట్లోంచి బకెట్ తెచ్చాను. సలసల కాగే నీళ్ళు, నాలుగు బకెట్లు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా పోశాను. చిన్నప్పుడు మా అమ్మ పొద్దున్నే వాకిలి కడిగేది, ఆ ఊపులోనే. మంచు కరిగి పారింది. మెట్లు నల్లగా, శుభ్రంగా మెరిశాయి. గొప్ప అనిపించింది.

రమణ పరిగెత్తుకొచ్చాడు. "వద్దు మామా! మైనస్‌లో ఉంది బయట. మళ్ళీ గడ్డకడితే కనపడను కూడా కనపడదు!"

"నువ్వు కంప్యూటర్లకు సున్నాలు దిద్దుకోరా. నాకు వాకిలి కడగడం నేర్పమాక" అన్నాను.

నవ్వాను కూడా. అది కూడా రాయాలి.

అరగంట. డారెన్ వచ్చాడు, లాడ్జికి పొయ్యి కట్టెలు వేసేది వాడే. భుజం మీద కట్టెల మోపు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు... గాల్లోకి లేచాడు. మోపు వాడి మీదే పడింది. తుంటి దగ్గర చప్పుడు, ఎండుకొమ్మ మోకాలికేసి విరిచినట్టు. మోకాలి కింద ఎముక ప్యాంటు చీల్చుకుని బయటికొచ్చింది. తెల్లగా. మంచు కంటే తెల్లగా. వాడి అరుపుకు చెట్ల మీద కాకటూ చిలకలు లేచిపోయాయి.

కెవ్ వచ్చాడు. మెట్లు చేత్తో తడిమాడు. అర్థమైంది వాడికి. కానీ వాడికి అర్థమైంది వేరు. ఉప్పు మూటలకు మేము పగ తీర్చుకున్నామని.

"హూ డిడ్ ది స్టెప్స్?"

బకెట్ నా చేతిలోనే ఉంది. నోరు తెరిచాను. బకెట్‌ను కాలి వెనక్కి జరిపాను.

"ఐ డిడ్" అన్నాడు రమణ.

జూలై 4

"ఎందుకురా అలా అన్నావు?"

"మీకు అరవై ఆరు మామా. వాడు ఒక్కటిచ్చుకుంటే పోతారు. నేనైతే కాసేపు తిట్లు తింటాను, అంతే."

తిట్లట. చదువుకున్నవాళ్ళకు ఇంతే తెలుసు లోకం.

ఇవాళే వెళ్ళి చెప్పాలి కెవ్‌కి. మంచు బాగా పడుతోంది. రేపు వెళ్తాను.

జూలై 5

మంచు తగ్గింది. వెళ్ళలేదు.

జూలై 6

మిట్టమధ్యాహ్నం. పెట్రోలు బంకు వెనక. రమణ ఒక్కడే ఉన్నాడు. కెవ్ వాడి జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి, కుడిచేయి నా బండి తలుపు సందులో పెట్టి, తలుపు మూశాడు. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. నేను బంకు లోపల పాలు కొంటున్నాను. పాలు!

బయటికొచ్చేసరికి రమణ మోకాళ్ళ మీద ఉన్నాడు. చెయ్యి చూసుకుంటున్నాడు, ఎవరిదో అన్నట్టు.

జూలై 7

నాలుగు వేళ్ళు. కుడిచేయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

కూమా ఆసుపత్రిలో డాక్టరుకు, గాలికి తలుపు కొట్టుకుందని చెప్పాడు. పోలీసులంటే వీసా గుర్తొస్తుంది వాడికి. వాడి భార్య సునీత కాన్‌బెర్రా నుంచి బస్సులో వచ్చింది. నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆ మెట్ల మీద నీళ్ళు ఈయన పొయ్యలేదు బాబాయ్ గారూ. ఈయనకి ఫిజిక్స్ వచ్చు. ఎవరు పోశారు?"

"టీ తాగుతావా అమ్మా?" అన్నాను.

తాగనంది. నా ముఖం మీంచి చూపు తిప్పలేదు.

జూలై 8

గడ్డపారకు సాన పట్టాను. పొద్దుటి నుంచీ. ఇప్పుడు రాయాలి ఆ పాత సంగతి.

నెల్లూరు లారీ స్టాండు. నాకు ఇరవై రెండు. వరసలో మా లారీ చోటు ఒకడు ఆక్రమించాడు. జాకీ రాడ్డుతో దవడ మీద కొట్టాను. ఒక్కటే దెబ్బ. తర్వాత తెలిసింది, చోటు తీసుకున్నది వాడు కాదని, వాడి అన్న అని. మూడు నెలలు గొట్టంతో గంజి తాగాడు. అన్న వచ్చి నా మీద పడతాడని రోజూ ఎదురు చూశాను. రాలేదు. ఆ ఎదురుచూపు పడలేకే ఆ ఊరు వదిలాను. ఓడలో వంటవాడిగా, తర్వాత ఇక్కడ... అది వేరే కథ.

ఎవడో చేసినదానికి ఇంకెవడో దెబ్బ తినడం. నలభై నాలుగేళ్ళలో నేను నేర్చుకుందేం లేదు.

సాయంత్రం లాడ్జి మేనేజరు వచ్చింది. బార్‌లో కెవ్ అన్నాడట, "హీజ్ స్టిల్ గాట్ ద లెఫ్ట్ వన్" అని. డారెన్ ఇక సరిగ్గా నడవడట. సోమవారం రమణ ఆసుపత్రి నుంచి బయటికొస్తాడు.

జూలై 9. ఆదివారం

పది గంటలు. కెవ్ కట్టెల అడితి ముందు బండి ఆపి రాస్తున్నాను. పక్క సీట్లో రెండు వస్తువులు. గడ్డపార. లాడ్జి బకెట్.

ఆసుపత్రి మీదుగానే వచ్చాను. రమణ నిద్రలో ఉన్నాడు. దుప్పటి మీద ఎడమచేతి వేళ్ళు కదులుతున్నాయి, టైపు కొడుతున్నట్టు. సునీతకు చెప్పాను, నేనే పోశానని. ఆమె లేచి వాడి ఎడమచేతిని దుప్పటి లోపలికి నెట్టింది.

కెవ్ అడితిలో దుంగలు చీలుస్తున్నాడు. ఒక్కో దుంగకు ఒక్కటే దెబ్బ. అన్నంటే ఇలా ఉండాలేమో... తమ్ముడి కోసం వస్తాడు వీడు.

చూశాడు నన్ను. గొడ్డలి ఆగింది.

గడ్డపార సీటు కిందికి తోశాను. అందేటంత దూరంలోనే ఉంది, అబద్ధం ఎందుకు. మళ్ళీ తీసి కిటికీలోంచి మంచులోకి విసిరేశాను. బకెట్ పట్టుకున్నాను. ఇంగ్లీషులో ఆ ముక్క పొద్దుటి నుంచి పదిసార్లు అనుకున్నాను. హాట్ వాటర్. మీ. నాట్ హిమ్.

వాడు ఇటే వస్తున్నాడు. గొడ్డలి కింద పెట్టలేదు. తలుపు తీస్తున్నా—