బాదం వాసన సీసా

ప్రియమైన అక్కకి,

ముందుగా క్షమాపణలు. ఫ్యాక్టరీలో పగలంతా రసాయనాలతో వేగి వచ్చిన నీ చేతిలో మళ్ళీ రసాయనాల ఉత్తరమే పెడుతున్నాను. దీనివల్ల నీ కళ్ళకూ, తమ్ముడి మీద మిగిలిన కాస్త నమ్మకానికీ కలగబోయే నష్టానికి సవినయంగా తల వంచుతున్నాను. వంచాను కదా, ఇక విను.

మా ల్యాబులో భాస్వరం మొండికేసింది. రెండు కర్బనాల మధ్య ద్విబంధం వేయడం దాని ఉద్యోగం. ఒక్కసారి వేసి, ఆక్సిజన్ మూట నెత్తికెత్తుకుని, ఇక లేవనని చతికిలబడుతుంది. ఆ మూటని సైలేన్ అనే ద్రవం చేత దింపించి, అదే భాస్వరాన్ని మళ్ళీ మళ్ళీ పనిలోకి తోలాలని మా సారు పట్టుదల. అలా జరిగితే వంద పాళ్ళు పోసేచోట పది చాలు. రెండేళ్ళుగా దిగుబడి నాలుగు శాతం దాటలేదు. నెలాఖరుకి రాకపోతే ఈ పని మూసేస్తారట. నాతో పనిచేసే సీనియర్ అమ్మాయిదీ నాదీ రెండేళ్ళ చాకిరీ చెత్తబుట్టలోకే.

నీ తమ్ముడు

ప్రియమైన పిడుగుకి,

నువ్వు చెప్పిన ఆ మూటే మా దగ్గర తెల్లపొడిగా దిగుతుంది. మందు ఎనిమిది కిలోలొస్తే పొడి పదకొండు. దాన్ని విడదీయలేక మా షిఫ్టు వాళ్ళు నన్ను తిట్టుకుంటున్నారు. మీ సారు అనుకున్నది జరిగితే ఆయన ఫోటో గోడకి తగిలిస్తాను.

నువ్వు మాత్రం చేసింది చేసినట్టు రాయి. టూత్‌పేస్టుకి మూత పెట్టడం కూడా రాని మనిషివి.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

కూర్చుని చదువు. ఎనభై ఒక్క శాతం. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వచ్చింది. సారు నా వీపు తట్టారు, ఇంకా నొప్పిగానే ఉంది.

పద్ధతంతా నోట్‌బుక్‌లో రాశాను. మా ముడిసరుకు, బాదం వాసనొచ్చే బెంజాల్డిహైడ్‌ని వాడేముందు శుభ్రంగా డిస్టిల్ చేసిన సంగతి కూడా రాశాను. సీనియర్ అదే చూసి చేస్తే నాలుగు శాతమే వచ్చింది, పాపం. చేతి మహిమ అంటే ఇదే కాబోలు.

నీ ఘనుడైన తమ్ముడు

ఒరేయ్ ఘనుడా,

ఒక్కరి చేతిలోనే పనిచేసే పద్ధతి మా ఫ్యాక్టరీకి పనికిరాదు. ఆ అమ్మాయి ఎన్నిసార్లు చేసింది? మీ సారు ఆమెని ఏమంటున్నారు?

ఇంకోటి. చిన్నప్పుడు నువ్వు బకెట్ మాత్రం తడిపి వచ్చి, ఎవరూ అడక్కుండానే "సబ్బు కూడా రుద్దుకున్నా" అనేవాడివి. డిస్టిల్ చేశానని ఇప్పుడు నిన్నెవరడిగారు?

నీ అక్క

ప్రియమైన అక్కకి,

పదకొండుసార్లు చేసింది. తనకి చేయి కుదరదని సారు వేరే పనికి మార్చబోయారు. సంతకం పెట్టాల్సిన కాగితం బల్లమీదుంది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని లోపలికెళ్ళాను.

"సార్, ఆ సీసా నేను డిస్టిల్ చేయలేదు. బద్ధకమేసింది. చేశానని రాశానంతే."

"సీసా తీసుకురా," అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మూతి చుట్టూ తెల్లటి పెచ్చు. సీనియర్ గరిటెతో గీకి చూసింది. "బెంజాయిక్ ఆసిడ్ సార్. గాలి తగిలి తయారైంది."

వెంటనే తను శుభ్రమైన బెంజాల్డిహైడ్‌లో ఆ ఆసిడ్ చిటికెడు వేసి చేసింది. ఎనభై నాలుగు. ఆసిడ్ తోడుంటే సైలేన్ ఆ మూటని చకచకా దించేస్తోంది. "రెండేళ్ళుగా మనం శుభ్రం చేసి పారబోసింది దీన్నేనా," అని సారు తల పట్టుకుని నవ్వారు. కాగితం చింపేశారు.

మూడోరోజు సీనియర్ నాతో, "గాజుసామాను మూడు నెలలు నువ్వే కడగాలి," అంది. కడుగుతున్నాను. మీ ఫ్యాక్టరీకి పద్ధతి తనే రాసి పంపుతుంది. అచ్చుకి పంపే పరిశోధనా పత్రంలో మొదటి పేరు తనది.

ఇందులో నా వంతేమిటో ఒక్క వాక్యంలో రాసిమ్మన్నారు సారు. ఎంత ఆలోచించినా, రెండేళ్ళలో నేను నిజంగా చేసింది ఒక్కటే అక్కా. సెలవులకి వెళ్తూ ఆ సీసా మూత బిగించలేదు.

నీ తమ్ముడు