క్లిప్పు తొడగని గొట్టం

బుజ్జులూ, మేమిద్దరం కులాసా. కారు కూడా కులాసాగానే ఉంది. ఈ కార్డు దాని గురించే.

స్టేషన్ నుంచి టాక్సీలో వస్తానని నువ్వు రాసింది చదివిన మర్నాడే తాతయ్య పాత చొక్కా తొడుక్కుని కారు ముందు నిలబడ్డారు. పోయినసారి దారిలో కారు ఆవిరి కక్కి, నీ సీసాలో నీళ్లన్నీ తాగేసింది రేడియేటర్ నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు గొట్టం వల్లేనట. వంపు దగ్గర పగిలింది. దాన్ని కోసి తీసేసి, కొత్తది రెండు కొసలా ఎక్కించి, దర్జాగా చేతులు తుడుచుకున్నారు. దాన్ని బిగించే క్లిప్పులు రెండూ నా చేతిలోనే ఉన్నాయి.

"ముందే ఇవ్వచ్చుగా!" అన్నారు.

"ఇస్తుంటే, ముందు గొట్టం ఎక్కనీవే అన్నదెవరు?" అన్నాను.

తాతయ్య అటుపక్క వంగి ఉన్నది చూడక, పక్కింటి డ్రైవరు గోడ మీదుగా, "క్లిప్పుల్లేకుండా ఏ గొట్టంగాడు ఎక్కించాడమ్మా?" అన్నాడు.

"మా ఇంటి గొట్టంగారే" అన్నాను. తాతయ్యకూ నవ్వాగలేదు.

మళ్లీ ఊడదీసి, క్లిప్పులు తొడిగి బిగించారు. ఇంజిన్ ఆన్ చేసి బాగా వేడెక్కేదాకా ఉంచి, కింద అట్ట పరిచి నేనే చూశాను. ఒక్క చుక్క పడలేదు.

కాబట్టి టాక్సీ మాట్లాడకు. మీ అమ్మ పట్టుకెళ్లిన నా పెద్ద కత్తెర తీసుకురా. నీ దగ్గు తగ్గిందా లేదా రాయలేదు, రాయి. కారెక్కాక గొట్టం ఊసు నువ్వే ఎత్తు. ఆయన తనంతట తాను చెప్పరు. నీళ్ల సీసా మరిచిపోకు. ఈసారి అది నువ్వు తాగడానికే.

చల్లగా ఉండు.

అమ్మమ్మ